తీజా వారంలో ఇటుకల ఆర్డరు

మా సేఠ్‌గారి ఆఫీసు రాయపూర్ శంకర్ నగర్‌లో మందుల షాపు పైన ఉండేది. ఆయన కాంట్రాక్టరు. నాది పర్చేజ్ సెక్షన్. సెక్షన్ అంటే నేనూ, ఒక బీరువా, ఒక ఫోనూ. సిమెంటు, ఇసుక, కంకర, ఇనుము, తలుపుల గొళ్ళేలు, చివరికి సైట్‌లో కాపలా కుక్కకి రొట్టెలు కూడా నా సంతకం మీదే వచ్చేవి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళకి టెండరు వేసి చూసే భాగ్యం కలగలేదు కానీ, కలిగి ఉంటే మిగతా రెండూ తేలికేనని ఒప్పుకునేవాళ్ళు. బేరమాడటంలో నాకు పేరుంది. రాయపూర్ రైల్వే కాలనీలో కూరగాయల బండి దగ్గర మా అమ్మ పక్కన నిలబడి నేర్చుకున్న విద్య అది.

ఛత్తీస్‌గఢ్‌కి కొత్త రాజధాని కడుతున్న రోజులు. మందిర్ హసౌద్ దాటి కొంత దూరం పోతే పొలాల మధ్యలోంచి మైదానాల్లాంటి రోడ్లు వచ్చేవి. వాటి మీద మాకు ఎక్కువగా ఎదురయ్యేవి గేదెలే. నయా రాయపూర్‌లో ప్రభుత్వ సిబ్బందికి క్వార్టర్లు కట్టే పని మా సేఠ్‌గారికి దక్కింది. దక్కిన సంతోషంలో ఆయన టెండరు కాగితాలు చివరిదాకా చదవలేదు. నేను చదివాను. అందులో ఒక షరతు ఉంది: ఇటుకల్లో కొంత భాగం చుట్టుపక్కల ఊళ్ళ మహిళా సంఘాల దగ్గరే కొనాలి, స్థానికులకు సామాజికంగానూ ఆర్థికంగానూ ప్రయోజనం కలగాలి.

"ఇటుక ఇటుకే కదా బిటియా, అందులో ఆడేమిటి మగేమిటి?" అన్నారు సేఠ్‌గారు. ఆయన మంచివారే. కాకపోతే ఏ కొత్త పని చెప్పినా ముందు ఛాతీ పట్టుకునేవారు.

నిజం చెప్పాలంటే నాకూ విసుగే వచ్చింది. పెద్ద ఇటుకల ప్లాంటుకి ఒక ఫోను చేస్తే లారీలు వరసకట్టే చోట, ఊరూరా తిరిగి సంఘాలని వెతుక్కోవడం ఎవరికి సరదా? కొరివితో తల గోక్కోవడమే అనుకుంటూ జీపెక్కాను.

మందిర్ హసౌద్ దగ్గర పెద్దరోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే ఊరది. ఊరి చివర రేకుల షెడ్డు, దాని కింద ఇటుకలు ఒత్తే మెషీను. మన వైపు డ్వాక్రా సంఘం అనేదాన్ని అక్కడ సమూహ్ అంటారు. ఆ సమూహ్‌లోని ఆడవాళ్ళందరూ ఆ ఊరి కోడళ్ళే. కరెంటు ప్లాంటు నుంచి వచ్చే బూడిదలో సున్నం, రాతిపొడి కలిపి ఇటుకలు చేస్తున్నారు. మోచేతుల దాకా బూడిద, తల మీద కొంగు. నన్ను చూసి అందరూ ఒక్కసారి పని ఆపారు, ఒకావిడ తప్ప. ఆమె అధ్యక్షురాలు. నా ఈడుదే. సన్నగా, పొడుగ్గా ఉంది. చేతిలో ఉన్న ఇటుకలు పేర్చేశాకే నా వైపు తిరిగింది. ఆ పద్ధతి నాకు నచ్చింది, కానీ మొహంలో కనపడనివ్వలేదు. పర్చేజ్‌లో ఉన్నవాళ్ళు దేన్నీ నచ్చినట్టు కనపడకూడదు.

ఇటుకని భుజమెత్తు నుంచి నేల మీద పడేస్తే పగలకూడదు. ఒకటి పడేశాను, పగల్లేదు. ఇంకోటి పడేశాను, అదీ పగల్లేదు. మళ్ళీ ఒకటి తీస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"చాలు మేడమ్. పిల్లల్ని ఎత్తినట్టు ఎత్తిపెట్టినవి ఇవి" అంది.

ఆమె మాట్లాడేది ఛత్తీస్‌గఢీ. నాకు బాగానే వచ్చు కాబట్టి ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను. ఆ మెషీను పంచాయతీ ఇప్పించిందట. వచ్చిన దగ్గర్నుంచి చిల్లర అమ్మకాలే తప్ప ఒక్క పెద్ద ఆర్డరు లేదు. ఊళ్ళో మగవాళ్ళు సాయంత్రాలు షెడ్డు ముందు కూర్చుని, దీన్ని ఎప్పుడు అమ్మేస్తారు, ఈ షెడ్డులో వడ్లు పోసుకోవచ్చు కదా అని అడుగుతున్నారట.

"మీ ఆర్డరు నిలబడితే ఇది నిలబడుతుంది మేడమ్. లేకపోతే మెషీను పాత ఇనుముకి పోతుంది, మేము మళ్ళీ కూలికి పోతాం" అంది.

అడుక్కుంటున్నట్టు కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను జీపులో విసుక్కుంటూ వెళ్ళినదాన్ని, తిరిగొచ్చేటప్పుడు ఆ ఇటుకల గురించి డ్రైవరుకి పాఠం చెబుతూ వచ్చాను. బూడిద ఇటుకకి కాల్పు ఉండదు, నీళ్ళు పట్టి పట్టి గట్టిపరచాలి, నీళ్ళు పట్టడంలో బద్ధకిస్తే మూలలు రాలిపోతాయి, వగైరా. పాపం అతను అన్నిటికీ తలూపాడు.

ఆర్డరు వాళ్ళకే రాశాను. సేఠ్‌గారి భయం తీర్చడానికి ఒక మాట కూడా చేర్చాల్సి వచ్చింది: వరసగా రెండు విడతలు తప్పితే ఆర్డరు పెద్ద ప్లాంటుకి మారిపోతుంది. ఇక తేదీలు వేసుకోవాలి. ఆ పనికి నేనూ మా సైట్ ఇంజనీరూ కూర్చున్నాం. అతను భిలాయిలో స్టీల్ ప్లాంటు క్వార్టర్లలో పెరిగిన తెలుగువాడు. వాళ్ళది విజయనగరం వైపు, మాది శ్రీకాకుళం. అందుకని నన్ను అక్కా అని పిలిచి అన్ని పనులూ నా చేత చేయించుకునేవాడు.

"అక్కా, చవితి వచ్చిందంటే సైట్ మీద పిట్ట కూడా ఉండదు. మేస్త్రీలంతా వినాయకుడి పందిళ్ళలో బొమ్మల ఝాంకీలు సూడ్డానికి ఎల్లిపోతారు. నిమజ్జనం అయ్యేదాకా బస్, కామ్ బంద్" అన్నాడు.

"అయితే చవితికి ముందు వారంలోనే మాల్ అంతా దింపించేద్దాం."

"పక్కా. అప్పుడే ఝంఝట్ ఉండదు."

పండగని ఎంత తెలివిగా తప్పించామో అని ఇద్దరం టీ తెప్పించుకున్నాం. పుట్టింది రాయపూర్‌లో, పెరిగింది రాయపూర్‌లో. గోడ మీద క్యాలెండర్లు మాత్రం తెలుగువి. మా పండగ పోతే వారమంతా ఖాళీ అనే అనుకున్నాం.

సంతకానికి అధ్యక్షురాలు ఒక్కర్తే ఆఫీసుకి వచ్చింది. తేదీలు చదివి వినిపించాను. చవితి ముందు వారం దగ్గరికి వచ్చేసరికి, "ఆగండి మేడమ్, ఈ వారమేనా?" అంది.

"ఈ వారమే. కుదరదా?"

ఆమె కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "కుదురుతుంది" అంది. అని, కొంగుతో చెయ్యి తుడుచుకుని సంతకం చేసింది. చక్కగా, అక్షరం అక్షరం విడదీసి చేసింది. వెళ్ళేటప్పుడు ఆమె మొహం తేటగా ఉంది. ఆర్డరు దొరికిన సంతోషం అనుకున్నాను.

వానాకాలం వచ్చింది. ఇటుకలు సక్రమంగా వస్తున్నాయి, గోడలు లేస్తున్నాయి. సేఠ్‌గారు ఛాతీ పట్టుకోవడం తగ్గించారు. నేను కూడా మూడునాళ్ళకోసారి ఏదో వంక పెట్టుకుని ఆ ఊరు పోయి వచ్చేదాన్ని. అక్కడి టీ బాగుంటుందని డ్రైవరుకి చెప్పేదాన్ని. నిజానికి ఆ టీ పానకం. ఆమెతో కూర్చుని మాట్లాడటమే నాకు బాగుండేది. నేను గంటసేపు ఆఫీసువాళ్ళని తిట్టిపోస్తే ఆమె అన్నీ విని, "మీకు ఆకలేస్తోంది మేడమ్, తినండి ముందు" అనేది. సరిగ్గా మా అమ్మ అనే మాట. నేను ఆమెని దీదీ అనేదాన్ని. ఇద్దరిలో పెద్దెవరో మేమెప్పుడూ తేల్చుకోలేదు.

పోలాల అమావాస్య ఇంకో నాలుగైదు రోజులుందనగా రైల్వే కాలనీలో మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. వీధిగుమ్మంలో పనిమనిషి చెబుతోంది: "అమ్మా, ఎల్లుండి నుంచి రాను. తీజా కదా. మా అన్న తీసుకెళ్ళడానికి వస్తున్నాడు."

చెప్పులు విప్పబోతున్నదాన్ని అక్కడే ఆగిపోయాను.

తీజా అంటే ఏమిటో ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్పాలి. మన పోలాల అమావాస్య నాడే అక్కడ పోలా అని ఎడ్ల పండగ చేస్తారు. అది దాటగానే, చవితికి ముందు రోజు తదియ. ఆ రోజు ఆడవాళ్ళు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటారు. అది అత్తారింట్లో కాదు, పుట్టింట్లో ఉండాలి. అన్నో తమ్ముడో తండ్రో వచ్చి తీసుకెళ్ళాలి, తనంతట తను పోకూడదు. ఉపవాసం విప్పాక పుట్టింటివాళ్ళు చీర పెట్టాలి. ఆ వారం ఏ ఊళ్ళో చూసినా కోడళ్ళుండరు, ఆ ఊరి ఆడపడుచులుంటారు. ఆ పోలా నుంచి తీజా దాకానే మేము ఇటుకలన్నీ దింపమని రాసుకున్నాం, కోడళ్ళు మాత్రమే ఉన్న సంఘానికి.

అమ్మకి చెబితే నవ్వు ఆపుకోలేక గుమ్మానికి జారబడింది. "ఏటే, ప్రతి ఏడూ ఈ వారం అంట్లు తోముకుంటూ నన్ను తిడతావు. కాగితం మీద రాసినప్పుడు ఆ అంట్లు గుర్తు రానేదేటే నీకు?"

నేను అక్కడ అన్నం కూడా తినలేదు. నీళ్ళు పట్టేవాళ్ళుండరు, బండికెత్తేవాళ్ళుండరు, రెండు విడతలు తప్పుతాయి, ఆర్డరు ప్లాంటుకి పోతుంది, షెడ్డులో వడ్లు పోస్తారు. ఒకవేళ ఆర్డరు కోసం వాళ్ళు పుట్టిళ్ళు మానుకుంటే అది ఇంకా పాపం. ముందు ఆమెకి ఫోను చేసి అడగొచ్చు కదా అని ఇప్పుడు మీరనుకుంటారు. అడిగి తెలుసుకునే ఓపిక నాకెక్కడిది? నేరుగా సైట్ ఇంజనీరు మీద పడ్డాను. అతను నాలుక కరుచుకుని, గోడల పని పక్కన పెట్టి ఆ వారంలో పునాదుల మట్టి నింపుడూ, నీళ్ళ పైపుల పనీ చేయించుకుంటానన్నాడు. సేఠ్‌గారి మీద పడ్డాను. ఆయన ఛాతీ పట్టుకుని, ప్రభుత్వం వైపు ఇంజనీరు ఒప్పుకుంటేనే అన్నారు. ఆ ఇంజనీరు ఛత్తీస్‌గఢ్ ఆయనే. నేను పెద్ద వాదన తయారుచేసుకుని వెళ్ళాను. తీజా అన్న మాట వినగానే ఆయన పెన్ను తీశారు.

"మా ఆవిడ కూడా రేపే వెళ్తోంది. వారం రోజులు మా ఇంట్లో కూడా సప్లై బంద్" అని నవ్వుతూ తేదీలన్నీ చవితి తర్వాతికి మార్చి సంతకం పెట్టారు.

పోలా నాడు ఆ ఊరు వెళ్ళాను. నెత్తిన కిరీటం పెట్టుకుని వెళ్ళినట్టే వెళ్ళాను. వీధుల్లో పిల్లలు మట్టి ఎడ్లని లాగుతున్నారు. ఇళ్ళలోంచి ఠేఠరీలు, ఖుర్మీలు వేగుతున్న వాసన. చెల్లెళ్ళని తీసుకెళ్ళడానికి అప్పటికే ఇద్దరు ముగ్గురు అన్నలు మోటారు సైకిళ్ళ మీద దిగి, చెట్టు కింద పెద్దమనుషుల్లా కూర్చున్నారు. షెడ్డు దగ్గర సంఘం వాళ్ళందరూ ఉన్నారు. అధ్యక్షురాలి అత్తగారు కూడా ఒక పక్కన కూర్చుని బీడీ కాలుస్తోంది.

జీపు దిగీ దిగకుండానే కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాను. ఈ వారం ఇటుకలు పంపక్కర్లేదు, తేదీలు మార్పించాను, ఆర్డరుకి ఏ భయమూ లేదు, అందరూ హాయిగా పుట్టిళ్ళకి వెళ్ళి రండి.

ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు. ఒకామె నా చెయ్యి పట్టుకుని గిర్రున తిప్పింది. అప్పటిదాకా వాళ్ళ ఏర్పాటు ఏమిటో ఆ సందడిలోనే తెలిసింది. తతిమ్మా అందర్నీ పుట్టిళ్ళకి పంపేసి, మగ కూలీలని పెట్టుకుని, ఇటుకల సంగతి తనొక్కతే చూసుకుంటానని అధ్యక్షురాలు ముందే ఒప్పించిందట. ఇప్పుడు ఆ బాధ కూడా తప్పింది కదా అని అందరూ ఆమె చుట్టూ చేరారు. "దీదీ, ఇంక నువ్వూ వెళ్ళొచ్చు! మీ అన్నకి ఫోను చెయ్యి, ఈ సాయంత్రమే వచ్చేస్తాడు!"

ఆమె నవ్వలేదు. అరచేతికి అంటిన బూడిదని గోరుతో గీకుతూ నిలబడింది.

అత్తగారు బీడీ పక్కన పడేసి, "చెయ్యి మరి. పోయినేడు కాలు నొప్పన్నావు. అంతకు ముందేడు మీ అన్న ఊళ్ళో లేడన్నావు. ఈ ఏడు ఏమంటావో విందాం" అంది.

ఆమె మెషీను వెనక్కి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఇటుకల దొంతరల మధ్య నిలబడి, నా మొహంలోకి చూసి, "ఎందుకు మార్చారు మేడమ్?" అని అడిగింది.

కోపంగా కాదు. ఆ గొంతులో కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని.

"నన్ను తీసుకెళ్ళడానికి ఎవరూ రారు. మా ఆయనకి జబ్బు చేసినప్పుడు, నాన్న పొలంలో నా వాటా ఇమ్మని అన్నని అడిగాను. వాటా ఇవ్వలేదు, రావడం కూడా మానేశాడు. పొలం అడిగిన చెల్లెలికి పుట్టిల్లుండదు మేడమ్ మా వైపు. ఆ మాట మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. ఈ ఊళ్ళో ఎలా చెప్పను? ఏడాదికో అబద్ధం చెప్పాను. అబద్ధాలన్నీ అయిపోయాయి. ఈసారి మీ కాగితంలో ఆ వారం చూసి, దేవుడే రాయించాడనుకున్నాను. పని ఉంది కాబట్టి పోలేదని తలెత్తుకుని చెప్పొచ్చు. ఈ ఒక్క ఏడూ నిజం చెప్పొచ్చనుకున్నాను."

ఆఫీసులో కిటికీలోంచి బయటికి చూసింది దీని కోసం. తేటపడిన మొహం దీని కోసం. మేము తెలివితక్కువగా రాసిన తేదీ ఆమెకి తలదాచుకునే చోటైతే, మంచి చేస్తున్నానంటూ వెళ్ళి ఆ పైకప్పు పీకేసి వచ్చాను. అవతల ఆడవాళ్ళు ఇంకా పిలుస్తున్నారు, "దీదీ, ఫోను చేశావా?" అని. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే ఏడవడం నాకు చేతకాదు, అరవడం ఒక్కటే చేతనవుతుంది.

బయటికి వచ్చి అరిచాను.

"ఏమిటీ, అందరూ వెళ్ళిపోదామనే? మొన్న ఒత్తిన పచ్చి ఇటుకలున్నాయి కదా, వాటికి నీళ్ళు ఎవరు పడతారు, మీ అన్నలా? వాన కూడా మొహం చాటేసింది. ఎండకి మూలలు రాలితే ఒక్కటీ తీసుకోను, వెనక్కి పంపేస్తాను! మీరు పొండి, నాకనవసరం. సంతకం పెట్టిన మనిషి మాత్రం కదలడానికి వీల్లేదు. అధ్యక్షురాలంటే ఊరికే అయిపోతుందా?"

అందరి మొహాలూ మాడిపోయాయి. ఇందాక నా చెయ్యి పట్టుకుని తిప్పిన ఆమే వచ్చి మళ్ళీ చెయ్యి పట్టుకుంది.

"అలా అనకండి మేడమ్. ఎన్నో ఏళ్ళయింది దీదీ పుట్టింటికి పోయి. కావాలంటే నేనుంటాను. ఆమెని పంపండి."

ఇంకొకామె కూడా తనుంటానంది. ఇంకొకామె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళు అంత ప్రేమగా అడుగుతుంటే కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. పక్కకి చూడకుండా, గొంతు ఇంకా పెంచి, "చెప్పానా, కుదరదని!" అన్నాను.

అప్పుడు అత్తగారు లేచింది. ఆ ముసలావిడ నడుము వంగి ఉండేది, ఆ క్షణం మాత్రం నిటారుగా నిలబడింది. "పట్నం మనిషివి, చదువుకున్నదానివి. నీకు పుట్టిల్లు లేదా?" అంది నా మొహం మీదే. నా పుట్టిల్లు ఆటోలో పావుగంట. ఆవిడ వెళ్ళి కోడలి చెయ్యి పట్టుకుని, "నువ్వు ఏడవకు. నీదేం తప్పు? ఈ రాకాసి చేతిలో చిక్కావు" అంది. ఏళ్ళ తరబడి సూటిపోటి మాటలన్న మనిషి ఊరందరి ముందూ కోడలిని వెనకేసుకొచ్చింది. దీదీ కొంగు నోట్లో కుక్కుకుని తల వంచుకుంది. ఒక్కసారి మాత్రం కళ్ళెత్తి నన్ను చూసింది. ఆ చూపు కోసం ఇంకో పది ఊళ్ళలో రాకాసిని అనిపించుకోమన్నా అనిపించుకుంటాను.

తీజా రోజు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. సెలవు పెట్టి, స్కూటర్ మీద. ఊరంతా ఎక్కడెక్కడి నుంచో పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు, వాళ్ళ నవ్వులు. షెడ్డు దగ్గర దీదీ ఒక్కతే పైపు పట్టుకుని ఇటుకల దొంతరలకి నీళ్ళు పడుతోంది. ఒంటి మీద కొత్త చీర, కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఉంది.

"అత్త పెట్టింది. మేడమ్ మూలంగా నీకు పుట్టింటి చీర పోయింది కదా, ఇది కట్టుకో అంది. నిన్న సాయంత్రం ఉపవాసానికి ముందు తినే కాకరకాయ కూరా అన్నం కూడా తనే వండి పెట్టింది" అని చెప్పింది.

ఎండ చుర్రుమంటోంది. ఆమె నోట్లో చుక్క నీరు లేదు, చేతిలో నీళ్ళ పైపు. కాసేపు నేను పట్టుకుంటానని లాక్కున్నాను. నాకు ఉపవాసాలు పడవు. దాహమేస్తే ఆమె చూడకుండా దొంతరల వెనక్కి వెళ్ళి సీసాలో నీళ్ళు తాగి వచ్చాను. "మూతి తుడుచుకోండి మేడమ్" అంది ఆమె, ఇటుకల వైపే చూస్తూ. మధ్యాహ్నం దాకా ఇద్దరం మాట్లాడుకున్నాం. అన్న గురించి ఒక్క మాట కూడా రాలేదు. చిన్నప్పుడు వాళ్ళ అమ్మ ఠేఠరీలు ఎలా వంచేదో చెప్పింది. నేను మా అమ్మ పోలాల అమావాస్యకి కంద మొక్కకి పూజ చేసి, ఆ కందనే మర్నాడు కూర వండేస్తుందని చెప్పాను. ఉపవాసం ఉన్న మనిషిని అంతగా నవ్వించకూడదని తర్వాత అనిపించింది.

చవితి అయ్యాక అందరూ తిరిగొచ్చారు. ఇటుకలన్నీ మూలలు రాలకుండా మా సైట్‌కి వచ్చాయి. ఆర్డరు నిలబడింది, దాంతోపాటు మెషీనూ నిలబడింది. షెడ్డులో వడ్లు పోసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదట. ఊళ్ళో నా పేరు మాత్రం పాడైపోయింది. నేను జీపు దిగితే ఆ ముసలావిడ మొహం తిప్పుకునేది. ఆ షరతు టెండర్లో రాసిన పెద్దలెవరో నాకు తెలియదు. ఎక్కడైనా కనపడితే మాత్రం కూర్చోబెట్టి పానకం లాంటి ఆ టీ తాగించాలని ఉంది.

మరుసటి ఏడు క్వార్టర్ల పని అయిపోయింది. సంఘానికి వేరే కాంట్రాక్టర్ల నుంచి చిన్నా చితకా ఆర్డర్లు వస్తున్నాయి. శ్రావణంలో ఒకరోజు దీదీ ఫోను చేసింది. వానల గురించి మాట్లాడింది, అత్తగారి మోకాళ్ళ గురించి మాట్లాడింది. పెట్టేసేదే, ఆగి, "మేడమ్, తీజా వస్తోంది" అంది.

"తెలుసు."

"ఈసారి మీ దగ్గర ఏమీ ఆర్డరు లేదా? చిన్నదైనా సరే."

ఫోను పెట్టేసి నేరుగా సేఠ్‌గారి గదిలోకి వెళ్ళాను. ఆయనకి మందిర్ హసౌద్‌లో ఒక గోదాము ప్రహరీ పని ఉంది. దాని ఇటుకలు ఫలానా సంఘానికే ఇవ్వాలనీ, సరుకు అందాల్సిన తేదీ సరిగ్గా తీజా మర్నాడే ఉండాలనీ చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీశారు. "పోయినేడు ఆ తేదీ వద్దని నా ప్రాణం తీశావు. గవర్నమెంటు ఇంజనీరు దాకా వెళ్ళావు. ఈ ఏడు అదే తేదీ కావాలంటావేం? ఒంట్లో బాగుందా బిటియా?"

"బాగుంది సేఠ్‌జీ. ఆ తేదీయే రాయండి."

పోలా నాడు వెళ్ళాను. అందరినీ పుట్టిళ్ళకి పొమ్మని, అధ్యక్షురాలు మాత్రం కదిలితే ఊరుకోనని, పోయినేడు కంటే గట్టిగా కేకలేశాను. దీదీ తల మీద కొంగు మొహం మీదికి లాక్కుని నిలబడింది. ఆమె భుజాలు అదురుతున్నాయి. అయ్యో, ఏడుస్తోంది పాపం అంటూ ఆడవాళ్ళంతా చుట్టూ మూగి వీపు నిమిరారు. అత్తగారు నన్ను శాపనార్థాలు పెట్టింది. దీదీ నవ్వుతోందని నాకొక్కదానికే తెలుసు. నాకూ నవ్వొచ్చేలా ఉంది, అందుకని ఇంకా గట్టిగా అరిచాను.